కటాకు ముందు వంగే నమస్కారం: ఎలా చేయాలి, ఎక్కడ పనికొస్తుంది

కర్నూలులో ఎక్కడ కరాటే పోటీ జరిగినా కాసేపు కూర్చుని చూడండి. పిల్లోడు మ్యాట్ మీదికి ఉరుకుతూ వస్తాడు, తల ఒకసారి ఊపుతాడు, కటా (ఒంటరిగా ఒక వరుసలో చేసే కరాటే కదలికల కూర్పు) పేరు గట్టిగా అరుస్తాడు, వెంటనే మొదటి బ్లాకులోకి దూకుతాడు. ఆ తల ఊపడాన్ని ఎవరూ పట్టించుకోరు. తల్లిదండ్రులు వీడియో తీయడం కూడా ఆ తర్వాతే మొదలుపెడతారు. నన్నడిగితే, కటా మొత్తంలో బజారులో నిజంగా అక్కరకొచ్చే కదలికలు ఈ నమస్కారంలోనూ, దాని వెంటనే వచ్చే చేతుల అమరికలోనూ ఉన్నాయి. తన్నులు, గుద్దులు తర్వాత సంగతి. చొక్కా పట్టుకున్నా, జుట్టు పట్టుకున్నా, వెనక నుంచి వాటేసుకున్నా ఒంటికి ముందు కావాల్సింది తుంటి దగ్గర సరిగ్గా వంగడం, రెండు చేతులూ మధ్యలోకి తెచ్చుకోవడం.

వంగడం పుట్టింది మర్యాద కోసమే. ఆ మర్యాద పోగొట్టుకోకుండానే దాన్ని పనికి వాడుకోవచ్చు. ఇది నేర్చుకునేవాళ్లకూ, చిన్న పిల్లలకు నేర్పేవాళ్లకూ రాస్తున్నాను.

ముందు నిలబడి వంగడం

మడమలు రెండూ కలపండి, కాలివేళ్లు బయటికి తెరవండి. దీన్ని ముసుబి దాచి అంటారు. చేతులు తొడల పక్కన చాచి ఉంచండి. భుజాలు కిందికి వదలండి. గోడకు కట్టినట్టు బిగుసుకుపోవద్దు.

ఇప్పుడు వంగాల్సింది మెడ కాదు, వీపు కూడా కాదు. తొడలు మొదలయ్యే చోట, అంటే తుంటి దగ్గర వంగాలి. చాలామందికి ఇక్కడే తేడా వస్తుంది. వీపు గూనిలాగా వంచి, తల వేలాడేస్తారు. సరిచేసుకోవడానికి గోడకు వీపు పెట్టి, మడమలకూ గోడకూ మధ్య జానెడు ఎడం ఉంచి నిలబడండి. నడుము వంచకుండా పిరుదుల్ని వెనక్కి తోసి గోడకు ఆనించండి. ఛాతీ దానంతట అదే ముందుకు వంగుతుంది. ఇంకా అనుమానం ఉంటే కర్రసాము కర్రను వీపు మీద నిలువుగా పెట్టించుకోండి. తల వెనక భాగం, భుజాల మధ్య, నడుము కింద ఎముక, ఈ మూడు చోట్లా కర్ర ఆని ఉండాలి. వంగుతున్నప్పుడు ఏ ఒక్కటి వదిలేసినా వీపు వంకర పోయిందని అర్థం. ఈ ఒక్క అభ్యాసం మీద వారం రోజులు గడిపినా నష్టం లేదు. కింద చెప్పబోయే ఉపాయాలన్నీ దీని మీదే నిలబడతాయి.

ఎంత వంగాలి? జూడోలో నిలబడి చేసే నమస్కారానికి సుమారు 30 డిగ్రీలు. తొడల మీదుగా జారిన వేళ్లు మోకాలి చిప్ప పైదాకా వస్తే ఆ కొలత సరిపోయినట్టే. అనంతపురంలోని ఆర్‌డీటీ స్పోర్ట్స్ విలేజ్‌లో జూడో నేర్చుకునే పిల్లల్ని ఎప్పుడైనా చూడండి, ఒకరి కొలత ఒకరికి ఎంత దగ్గరగా ఉంటుందో తెలుస్తుంది. కరాటేలో కొలత గురించి అంత పట్టింపు లేదు గానీ 30 డిగ్రీలు దాటితే ఎదుటివాడు కనబడడు. అది ఎక్కువే.

చూపు గురించి రెండు పద్ధతులున్నాయి. జెండాకో, గురువుకో వంగేటప్పుడు చూపు ఒంటితో పాటే కిందికి దిగాలి. ఎదురుగా ఆడబోయే మనిషికి వంగేటప్పుడు మెడ వంచకుండా, కళ్ల పైభాగంతో అతని మోకాళ్లూ పాదాలూ కనబడేలా ఉంచుకోవాలి. మనిషి కొట్టడానికి కదిలితే ముందు కదిలేది పాదమే. కెండోలో, అంటే జపాన్ కత్తి ఆటలో, ఈ తేడాను ఇంకా కచ్చితంగా పాటిస్తారు. సభకు వంగేటప్పుడు 30 డిగ్రీలు, ప్రత్యర్థికి 15 డిగ్రీలే, అదీ కళ్లలో కళ్లు పెట్టి. ఇద్దరి మధ్యా తొమ్మిది అడుగుల ఎడం ఉండాలి, అంటే తొమ్మిది నడక అడుగులు. కత్తి పట్టిన మనిషి ముందు ఎంత దూరంలో వంగాలో వాళ్లకు తెలుసు.

వంగుతూ ఊపిరి వదలండి. కింద ఒక క్షణం ఆగండి. లేస్తూ పీల్చండి. దిగినంత నెమ్మదిగా లేవాలి. పిల్లలు దిగడం సరిగ్గా చేసి, లేవడం మాత్రం స్ప్రింగులాగా చేస్తారు. అది వద్దు.

పోటీకి వెళ్లేవాళ్లు ఒకటి గుర్తు పెట్టుకోవాలి. ప్రపంచ కరాటే ఫెడరేషన్ కటా నిబంధనల్లో మొదటా చివరా నమస్కారం చేయకపోవడాన్ని డిస్‌క్వాలిఫై చేయడానికి ఒక కారణంగా రాశారు. ఎంత బాగా చేసినా ఆ ఒక్క మరుపుతో ఇంటికి రావాల్సి వస్తుంది.

కూర్చుని చేసే నమస్కారం

ఇక్కడ కాళ్లూ చేతుల వరుస ముఖ్యం. కూర్చునేటప్పుడు ఎడమ మోకాలు ముందు నేలకు ఆనాలి, తర్వాత కుడిది. లేచేటప్పుడు కుడి పాదం ముందు లేస్తుంది. వంగేటప్పుడు ఎడమ చెయ్యి ముందు నేల మీద పెట్టాలి, తర్వాత కుడి. లేచేటప్పుడు కుడి చెయ్యి ముందు వెనక్కి రావాలి. జపాన్ కత్తివీరులకు కత్తి ఎడమ నడుముకు ఉండేది, దాన్ని దూసేది కుడిచేత్తో. అందుకే కుడికాలూ కుడిచెయ్యీ వీలైనంత సేపు ఖాళీగా ఉండాలి. ఇప్పుడు మన నడుముకు కత్తి లేదు గానీ, కింద కూర్చున్నప్పుడు ఎవరైనా మీదికొస్తే ఒక కాలు లేపి నిలబడగలిగే అలవాటు ఈ వరుసలోనే వస్తుంది. దీనికోసమే విడిగా సాధన చేయండి. జోడీ నిలబడి ఉన్నట్టుండి మీ భుజం మీదికి చెయ్యి చాచాలి, మీరు కుడి పాదం లేపి పక్కకు జరగాలి.

మన ఇళ్లలో బేతంచెర్ల బండలో, కడప బండలో పరిచి ఉంటాయి. వాటి మీద నేరుగా మోకాళ్లు ఆనించవద్దు. మడత పెట్టిన జంపఖానా వేసుకోండి. ఎండాకాలం పది దాటాక గ్రౌండులో, మేడ మీద ఇది చేయించడం పిల్లల మోకాళ్లకు శిక్షే. తెల్లారి ఆరు లోపలే చేయించాలి.

క్లాసు గోడ మీద ఉండే గురువు ఫొటోకు వంగడం ఇష్టం లేని ఇళ్ల పిల్లలు మన ఊళ్లో తప్పకుండా ఉంటారు. వాళ్లను బలవంతం చేయకండి, నలుగురిలో అడగకండి కూడా. గుండె మీద చెయ్యి పెట్టి తల కొంచెం వంచడం చాలు. పోటీలో వంగేది జడ్జీల పట్ల ఆటకు సంబంధించిన మర్యాదగా మాత్రమేనని తల్లిదండ్రులతో ముందే కూర్చుని మాట్లాడితే ఆ రోజు ఇబ్బంది రాదు.

నమస్కారం తర్వాత చేతులు ఎక్కడికి పోతాయి

అసలు పని ఇక్కడుంది. వంగి లేచాక "యోయ్" (సిద్ధం) అనగానే చేతులు ఒక అమరికలోకి వస్తాయి. కటాను బట్టి ఆ అమరిక మారుతుంది. షోటోకాన్ అనే కరాటే శైలిలో హెయాన్ కటాలకు రెండు పిడికిళ్లూ తొడల ముందు ఉంటాయి. బస్సాయ్ దాయ్ కటాకి కాళ్లు కలిపి, కుడి పిడికిలిని ఎడమ అరచేత్తో కప్పి పొత్తికడుపు ముందు ఉంచుతారు. జియోన్, జిట్టె కటాల్లో అదే కప్పిన పిడికిలి గడ్డం ఎత్తుకు వస్తుంది. కాంకు దాయ్‌లో తెరిచిన రెండు చేతులూ ఒకదానిమీద ఒకటి పొత్తికడుపు ముందు మొదలై, తల పైదాకా లేచి, విడిపోయి చుట్టూ తిరిగి దిగుతాయి. గోజు ర్యూ అనే ఇంకో శైలిలో రెండు అరచేతులూ ముందు ఒకదానిమీద ఒకటి పెట్టి, ఆ తర్వాత పిడికిళ్లుగా మూసి పక్కలకు లాగుతారు. చైనా యుద్ధకళ వూషూలో కుడి పిడికిలికి ఎడమ అరచెయ్యి ఆనించి ఛాతీకి 20 నుంచి 30 సెంటీమీటర్ల ఎడంలో ఉంచుతారు.

మీ కటాలో ఏది ఉందో అదే ముందు నేర్చుకోండి. వీటిలో చాలావాటిలో ఉన్న సంగతి ఒక్కటే. మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా, రెండు చేతులూ ఒంటి మధ్యగీత మీద.

మొదటి ఉపయోగం: గొడవ కాకుండా చూడటం

కర్నూలు రాజ్‌విహార్ సెంటర్‌లో బండికి బండి తగిలిందనుకోండి. అవతలివాడు దిగి "కళ్లు కనబడ్లేదారా?" అంటూ మీదికొస్తాడు. మీరు పిడికిళ్లు ఎత్తి నిలబడితే చుట్టూ ఉన్నవాళ్లంతా మీరే కొట్లాటకు దిగారని చెబుతారు. చేతులు కిందికి వదిలేసి నిలబడితే మొదటి దెబ్బ మీ ముఖం మీదే. ఈ రెండింటికీ మధ్యలో మన దగ్గర పుట్టుకతో ఉన్నది నమస్కారం.

కుడికాలు అరడుగు వెనక్కి పెట్టండి, ఒళ్లు కొంచెం పక్కకు తిప్పండి. రెండు చేతులూ జోడించి ఛాతీకి ఆనించకుండా, ఆ వూషూ కొలతంత ముందుకు పెట్టండి. తల వంచకండి, తుంటి దగ్గర కొద్దిగా వంగితే చాలు. "అన్నా, నమస్తే. దెబ్బేం తగల్లేదు కదన్నా? పోనీలేన్నా." మాట్లాడుతూనే అరచేతులు విడదీసి అతని వైపు తెరవండి. ఇప్పుడు అతని చెయ్యి మీ ముఖానికి రావాలంటే మీ చేతులు దాటి రావాలి. చూసేవాళ్లకు మాత్రం మీరు బతిమాలుతున్నట్టే ఉంటుంది. అతను ఇంకా దగ్గరికొస్తే మీరు ఇంకో అరడుగు వెనక్కి. మీ చేతివేళ్లు అతని ఛాతీకి తగిలేంత దగ్గరికి రానివ్వకండి.

దీన్ని క్లాసులో మాటలతో సహా సాధన చేయండి. ఒకరు కోపంగా తిడుతూ నడిచి రావాలి, ఇంకొకరు చేతులు, అడుగులు, మాట మూడూ కలపాలి. పిల్లలకు మొదట నోరు రాదు. పది సార్లు చేశాక వస్తుంది. నా లెక్కలో బెల్టు పరీక్షలో దీనికి మార్కులు ఉండాలి.

మణికట్టు పట్టుకుంటే

జియోన్‌లో కప్పిన పిడికిలికి ఇది సూటిగా సరిపోతుంది. జోడీ తన ఎడమచేత్తో మీ కుడి మణికట్టు గట్టిగా పట్టుకోవాలి.

పట్టుకోగానే కుడిచెయ్యి పిడికిలి మూయండి. మీవైపు గుంజుకోకండి, గుంజుకుంటే బలం ఎక్కువున్నవాడే గెలుస్తాడు. పట్టులో వదులుగా ఉండే చోటు అతని బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య సందు. మీ మణికట్టులోని సన్నటి అంచు ఆ సందు వైపు తిప్పండి. ఇప్పుడు ఎడమచెయ్యి పైనుంచి తెచ్చి మీ కుడి పిడికిలిని కప్పండి. ఒక అడుగు అతని వైపే వేసి, మోచేతిని అతని మోచేతి వైపు తోయండి. అదే ఊపులో రెండు చేతులూ కలిపి పిడికిలిని మీ గడ్డం దగ్గరికి తెచ్చుకోండి. చెయ్యి ఊడి వచ్చేసరికి మీరు జియోన్ మొదటి స్థితిలో నిలబడి ఉంటారు.

అడుగు ముందుకు వేయడం మొదట్లో ఎవరికీ మింగుడు పడదు, భయపడ్డ ఒళ్లు వెనక్కే పోతుంది. అందుకే నెమ్మదిగా, నవ్వుతూ మాట్లాడుకుంటూ మొదలుపెట్టి, తర్వాత గట్టి పట్టుతో చేయండి. అతను రెండు చేతులతో మీ ఒక్క చేతిని పట్టినా ఇదే పద్ధతి. ఎడమచెయ్యి అతని రెండు చేతుల మధ్యలోంచి పోనిచ్చి పిడికిలిని అందుకోవాలి, అంతే.

జుట్టు పట్టుకుంటే

ఆడపిల్లలకు నేను ముందు నేర్పేది ఇదే. ఇందులో బలం కన్నా వంగడం ఎక్కువ పని చేస్తుంది.

ఎదురుగా ఉన్నవాడు మాడు మీద జుట్టు పట్టుకుని లాగుతాడు. చేతులు వెంటనే అతని మణికట్టు మీదికి పోయి లాగడానికి చూస్తాయి. అలా లాగితే నొప్పి రెట్టింపవుతుంది. దానికి బదులు రెండు అరచేతులూ ఒకదానిమీద ఒకటిగా అతని చేతి మీద పెట్టి, ఆ చేతిని మీ తలకే గట్టిగా అదమండి. జుట్టు కుదుళ్ల మీద లాగుడు వెంటనే తగ్గుతుంది. మోచేతులు రెండూ ముఖం ముందు దగ్గరికి తెచ్చుకోండి, అతని రెండో చెయ్యి వస్తే వాటికే తగులుతుంది. ఇప్పుడు ఒక కాలు వెనక్కి వేస్తూ నమస్కారం చేయండి. గోడ దగ్గర నేర్చుకున్నట్టే తుంటి వెనక్కి, వీపు నిటారుగా, తల కిందికి. అతని చెయ్యి మీ తలకు అతుక్కుని ఉంది కాబట్టి తల వంగేకొద్దీ అతని మణికట్టు వెనక్కి విరుగుతుంది. అతని మోకాళ్లు వంగుతాయి, వేళ్లు వాటంతట అవే వదులవుతాయి. వదలగానే వెనక్కి రెండడుగులు వేసి పరుగు తీయండి.

వెనక నుంచి జడ పట్టుకుంటే ముందుకు పారిపోవడానికి చూడకండి. రెండు చేతులూ వెనక్కి పోనిచ్చి జడ మొదట్లో, కుదుళ్ల దగ్గర పట్టుకోండి. మోకాళ్లు వంచి అతని వైపే తిరగండి. తిరగ్గానే మోచేతులు ముందుకొస్తాయి. అక్కణ్నుంచి అతన్ని తోసి దూరం తెచ్చుకోవడం సులువు.

సాధనలో జాగ్రత్త: మణికట్టు త్వరగా బెణుకుతుంది. లెక్కపెట్టుకుంటూ నెమ్మదిగా వంగండి. పట్టుకున్న జోడీ రెండో చేత్తో తన తొడ మీద తట్టగానే అక్కడికక్కడే ఆగిపోవాలి. తట్టాక కూడా ఇంకొంచెం వంగి చూపించే పిల్లల్ని ఆ రోజుకు పక్కన కూర్చోబెట్టండి.

వెనక నుంచి వాటేసుకుంటే

చేతులతో సహా చుట్టేసినప్పుడు మనిషి చేయాలనుకునేది మిమ్మల్ని ఎత్తడం లేదా ఈడ్చుకుపోవడం. చుట్టుకోగానే ఊపిరి వదిలి, మోకాళ్లు వంచి, తుంటిని అతని పొట్టలోకి వెనక్కి కొట్టండి. ఛాతీ ముందుకు వంగుతుంది. ఆ భంగిమలో ఉన్న పదేళ్ల పిల్లను కూడా ఎత్తడం ఎంత కష్టమో మీరే జోడీతో చేసి చూడండి. అదే సమయంలో గోజు ర్యూ వాళ్లలాగా అరచేతులు ముందు కలిపి, మోచేతులు పక్కలకు తెరిచి పిడికిళ్లను లాగండి. చుట్టిన చేతులు పైకి జారతాయి. మడమతో అతని పాదం పైభాగాన్ని తొక్కండి, పక్కకు తిరగండి, కింది నుంచి జారిపోండి. ఇదంతా ఒకే ఊపులో జరగాలి. ఆగి ఆలోచిస్తే పట్టు మళ్లీ బిగుస్తుంది.

చొక్కా పట్టుకుంటే కాంకు దాయ్ చేతుల్ని అతని చేతుల మధ్యలోంచి పైకి లేపమని చాలాచోట్ల నేర్పుతారు. గట్టివాడి పట్టు దాంతోనే ఊడిపోతుందని నమ్మకండి. దాని వల్ల అతని గడ్డం వెనక్కి పోతుంది, మీకు ఒక క్షణం దొరుకుతుంది. దానికన్నా ముందు గడ్డం ఛాతీకి అదిమి తల వంచండి. దగ్గరికి లాగినప్పుడు మీ మూతీ పళ్లూ బదులు నుదురు ముందుంటుంది. తలతో గుద్దడం మాత్రం క్లాసులో నిజంగా తగిలేలా ఎవరూ చేయకూడదు, పెద్దవాళ్లయినా సరే. చిన్న పిల్లలకు దాని ఊసే ఎత్తవద్దు.

ఎంతవరకు చేయవచ్చన్నది కూడా నేర్పాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది. రక్షణకు అవసరమైనంత మేరకే ఆ హక్కు. పట్టు వదిలించుకున్నాక కింద పడినవాణ్ని తన్నితే అది రక్షణ కిందికి రాదు. పిల్లలకు ఇది పాఠంలాగా చెప్పనక్కర్లేదు. వదిలించుకో, దూరం పో, 112కు ఫోన్ చెయ్యి. ఈ వరుసను సాధనలోనే భాగం చేయండి.

మట్టిని తాకి కర్ర ఎత్తేవాళ్లు

మన పల్లెల్లో కర్రసాము మొదలుపెట్టేటప్పుడు మట్టిని తాకి కళ్లకద్దుకుంటారు. కరాటేతో పాటు కర్ర కూడా నేర్చుకునేవాళ్లు దీన్ని వదిలిపెట్టకండి. అయితే కర్రను నేల మీద పెట్టి, తల వాల్చి వంగవద్దు. కర్ర ఎడమచేతిలో చంకకు దగ్గరగా నిలువుగా ఉండాలి. ఎడమకాలు ముందుకు వేసి, రెండు మోకాళ్లూ వంచి, వీపు నిటారుగా దిగి, కుడిచేత్తో మట్టి అందుకోండి. కళ్లకద్దుకునే క్షణంలో కూడా ఎదుటివాడి పాదాలు కనబడాలి. లేస్తూనే కుడిచెయ్యి కర్ర మీదికి రావాలి.

చివరి నమస్కారం

కటా అయిపోయింది, "యామే" (ఆపు) అన్నారు. చాలామంది అక్కడే ఊపిరి వదిలేసి, ఒళ్లు వదులు చేసి, డ్రెస్సు సర్దుకుంటూ వంగుతారు. ఆఖరి దెబ్బ ఉన్నచోటే ఒక క్షణం ఆగండి. కదిలే పాదాన్ని నెమ్మదిగా లాక్కుని యోయ్ స్థితికి రండి. కాళ్లు కలిపి వంగండి. తర్వాత వీపు చూపించకుండా వెనక్కి అడుగులు వేసి మ్యాట్ దిగండి.

బయట గొడవలో కూడా రెండో దెబ్బ ఎక్కువగా మీరు "అయిపోయింది" అనుకున్నాకే పడుతుంది, లేదా పక్కన నిలబడ్డ అతని స్నేహితుడి నుంచి పడుతుంది. అందుకని వారంలో ఒకరోజు క్లాసు చివర ఇది పెట్టండి. ఒకరు పూర్తి కటా చేయాలి. మిగతావాళ్లు చుట్టూ నిలబడాలి. చేసేవాడు చివరి నమస్కారంలో ఉన్నప్పుడు చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరో ఒకరు, ఎవరన్నది ముందే చెప్పకుండా, వచ్చి మణికట్టో భుజమో పట్టుకోవాలి. వంగి ఉన్నవాడికి ముందుగా పాదాలు కనబడ్డాయా లేదా అన్నది అడగండి. కనబడలేదంటే మళ్లీ గోడ దగ్గరికి పంపండి.